క్యాజువాలిటీ రిజిస్టర్‌లో మూడు గడులు: కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్, జిల్లా మేజిస్ట్రేట్ గారికి,

నమస్కారం.

నగరంలో కత్తిపోటు జరిగిన ప్రతిసారీ రెండు మాటలు వినబడతాయి. గస్తీ పెంచండి, కెమెరాలు పెట్టండి, రౌడీ షీట్లు తెరవండి అని కొందరు. పిల్లలకు పని చూపిస్తే కత్తి ఎందుకు పడతారు అని ఇంకొందరు. పోలీసునైనా పథకాన్నైనా ఊరంతా సమానంగా చల్లితే ఫలితం ఉండదన్నది మా మాట. నెత్తురు పడే చోట్లు కొన్నే. ఆ గొడవల్లో మళ్లీ మళ్లీ కనబడే మనుషులూ కొందరే. సీమలో ఫ్యాక్షన్ తగ్గింది కూడా ఒక్క పోలీసు పికెట్లతోనే కాదు, ఒక్క చదువులతోనే కాదు. ఈ లేఖ ఎస్పీ గారికి కాక మీకు రాయడానికి కారణం ఉంది. ఆసుపత్రి, నగరపాలక సంస్థ, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ), ఎక్సైజ్, ఇకపై గొడవ పడనని బాండు రాయించుకునే బైండోవర్ కేసులు నడిచే తహసీల్దార్ల కార్యాలయాలు, ఇవన్నీ ఒకచోట కలిసేది మీ బల్ల మీదే.

ముందు గస్తీ సంగతి. 1972-73లో అమెరికాలోని కాన్సాస్ సిటీలో కొన్ని బీట్లలో, అంటే గస్తీ ప్రాంతాల్లో, గస్తీని రెండు మూడింతలు చేశారు, కొన్నింటిలో పూర్తిగా తీసేశారు. నేరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, తేడా ఉందని జనం గుర్తించనూ లేదు. 1988-89లో మినియాపొలిస్‌లో మాత్రం గొడవలు ఎక్కువగా జరిగే 110 చోట్లను ముందే గుర్తించి, వాటిలో సగం చోట్లకే అదనంగా పోలీసులను పంపారు. అక్కడ తగ్గాయి. ఆ లెక్కలను మళ్లీ చూసినవాళ్లకు ఇంకో సంగతి దొరికింది: ఒకచోట 10 నుంచి 15 నిమిషాలు ఆగి వెళ్తే, పోలీసు వెళ్లిపోయాక కూడా కాసేపు ఆ చోటు ప్రశాంతంగా ఉంటుంది. అంతకు మించి నిలబడితే అదనంగా వచ్చేదేమీ లేదు. మన దగ్గర పోలీసు గస్తీ బైకు, బ్లూకోల్ట్స్ బండి, రాజ్‌విహార్ సెంటర్‌లోనో బళ్లారి చౌరస్తాలోనో గంటల తరబడి ఆగి ఉండటం కన్నా, వరుస మార్చుకుంటూ ఆరేడు చోట్ల పావుగంట చొప్పున ఆగడం మేలు. పెట్రోలు ఖర్చు కూడా పెద్దగా పెరగదు.

ఏ ఆరేడు చోట్లు అన్నదే చిక్కు. స్టేషన్ రికార్డులో ఆ సమాధానం సగమే దొరుకుతుంది. దెబ్బ తిన్నవాడు చాలాసార్లు కేసు పెట్టడు. పెడితే అవతలివాడు కౌంటర్ కేసు పెడతాడు, వారంలో పెద్దమనుషులు కూర్చుంటారు, రాజీ అయిపోతుంది. కానీ కుట్లు వేయించుకోవడానికి మాత్రం పెద్దాసుపత్రికి రాక తప్పదు. బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరం ఈ లొసుగునే వాడుకుంది. ఎక్కడ జరిగింది, దేంతో కొట్టారు, ఎప్పుడు జరిగింది అనే మూడు ప్రశ్నలు క్యాజువాలిటీ కౌంటర్‌లోనే అడిగి, పేర్లు తీసేసి, ప్రతి నెలా పోలీసులకూ నగరపాలకులకూ ఇచ్చింది. 2011లో వెలువడిన పరిశీలన ప్రకారం, అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే హింస వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు అక్కడ 42 శాతం తగ్గారు. అదే కాలంలో పోలీసు రికార్డులో చిన్న కొట్లాటల సంఖ్య పెరిగింది. ఇది ముందే తెలిసి ఉండాలి. లేకపోతే రెండో నెలలో అంకెలు పెరిగాయని ఎవరో కంగారుపడి పథకాన్ని ఆపేస్తారు.

మన ఆసుపత్రుల్లో కొట్లాట, ప్రమాదం లాంటి పోలీసు కేసుల గాయాలు రాసే మెడికో లీగల్ రిజిస్టర్ ఎటూ ఉంది. కానీ జరిగిన చోటు గురించి ఊరి పేరు తప్ప పెద్దగా ఉండదు. కావలసినవి మూడు గడులు. ఒకటి, దగ్గరి గుర్తు: గుడి, మసీదు, మద్యం దుకాణం, సందు పేరు. రెండు, ఆయుధం: కత్తి, బీరు సీసా, రాయి, కట్టె, చెయ్యి. మూడు, జరిగిన గంట. వచ్చిన గంట కాదు. ఈ పని డ్యూటీ డాక్టరుకు అప్పగిస్తే మూడో రోజే ఆగిపోతుంది, ఆయన కుట్లు వేయాలా ఇవి రాయాలా? ఓపీ చీటీ కొట్టే ఆపరేటర్ కంప్యూటర్‌లోనే ఎంచుకునేలా పెట్టాలి. ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టు కానిస్టేబుల్‌కు వెళ్లే ఇంటిమేషన్ (గాయం కేసు వచ్చిందన్న సమాచారం) చట్టప్రకారం ఎలాగూ వెళ్తుంది, దాంతో దీన్ని కలపకూడదు. ఈ అంకెలతో పాటు ఒక్క పేరు బయటికి పోయినా మరుసటి నెల నుంచి అందరూ బండి మీద నుంచి పడ్డామనే చెబుతారు.

ఈ అంకెలను చుక్కలుగా గుర్తించిన మూడు నెలల పటం చేతికొస్తే ఇంకొన్ని పనులు వాటంతటవే తేలతాయి. మద్యం దుకాణం రాత్రి 10కి మూసేశాక పక్కసందులో బెల్టు షాపు నడుస్తుంటే ఆ చుక్కలు 11 తర్వాత కనబడతాయి. అది ఎక్సైజ్ పని. దీపాలు వెలగని సందైతే నగరపాలక సంస్థ పని. 2016లో న్యూయార్క్ ప్రభుత్వ గృహ సముదాయాల్లో గట్టి దీపాలు పెట్టి చూస్తే రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు 36 శాతం దాకా తగ్గాయి.

ఇక రౌడీ షీటు ఉన్నవాళ్లను స్టేషన్‌కు పిలిచి చేసే ఆదివారం కౌన్సెలింగ్. మొహమాటం లేకుండా చెబుతాం, దీన్ని ఆపించండి. స్టేషన్ ముందు వరుసగా నిలబడేవాళ్లలో చాలామంది నలభై దాటి, ఆటో తోలుకునో దుకాణం పెట్టుకునో బతుకుతున్నవాళ్లు. ఎప్పటి కేసుకో తెరిచిన షీటు మూసే తీరిక ఎవరికీ లేదు. సీసా పగలగొట్టే పంతొమ్మిదేళ్లవాడికి ఇంకా షీటే లేదు కాబట్టి వాడు ఆ వరుసలో ఉండడు. వేరువేరు పేటలవాళ్లకు పరిచయాలు కలిపేదీ ఆ వరుసే.

దాని బదులు మీ తహసీల్దార్లతో బైండోవర్ సరిగా చేయించండి. క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 126 కింద ఏడాది వరకు, 129 కింద మూడేళ్ల వరకు బాండు తీసుకోవచ్చు. తప్పు జరిగేది సెక్షన్ 130 ఉత్తర్వులో. అందిన సమాచారం సారాంశం, బాండు మొత్తం, గడువు అందులో ఉండాలి. అందరికీ ఒకే వాక్యం అచ్చేసి, పేరు మాత్రం మార్చి ఇస్తే పై కోర్టులో నిలవదు. విచారణ మొదలైన ఆరు నెలల్లో ముగించకపోతే మామూలుగా అది అక్కడితో రద్దయిపోతుంది. ఎన్నికల ముందు వందల్లో తెరిచి తర్వాత మరిచిపోయే కేసుల కన్నా, పటం చూసి ఎంచుకున్న ఇరవై కేసులు గడువులోగా ముగిస్తే చాలు.

కోర్టు కేసుల్లో ఆలస్యం మొదలయ్యేది వూండ్ సర్టిఫికెట్, అంటే డాక్టరు ఇచ్చే గాయాల ధ్రువపత్రం, దగ్గర. ఎక్స్‌రే నివేదిక జతకాక, గాయం సాదాదా తీవ్రమైనదా తేలదు. శిక్షలు చెప్పే న్యాయ సంహితలో, ఆయుధంతో చేసిన మామూలు గాయానికి వర్తించే 118(1) అయితే గరిష్ఠంగా మూడేళ్లు, తీవ్ర గాయానికి వర్తించే 118(2) అయితే యావజ్జీవం దాకా పోవచ్చు. అంత తేడా ఒక్క ఫిల్ము మీద ఆగి ఉంటుంది. ఏడు రోజుల గడువు పెట్టి, దాటినవాటి జాబితా ప్రతి సోమవారం మీ ముందుకు వచ్చేలా చూడండి. హత్యాయత్నం కేసుల్లో సాక్షులను నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 183 కింద మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలానికి మొదటి వారంలోనే తీసుకెళ్లాలి. రాజీ పంచాయితీ అయ్యాక తీసుకెళ్తే ఏం చెబుతారో అందరికీ తెలిసిందే.

ఇప్పుడు డబ్బు సంగతి. షికాగోలో హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడుల నుంచి 1,634 మందిని తీసుకుని, లాటరీ వేసి కొందరికి వేసవిలో 8 వారాలు, వారానికి 25 గంటల పని ఇచ్చారు. తర్వాతి 16 నెలల్లో వాళ్లలో హింసాత్మక నేరాలకు అరెస్టులు 43 శాతం తగ్గాయి. ఎక్కువ తగ్గుదల పని ముగిశాకే వచ్చింది. లైబీరియాలో నేరాల్లో తిరిగే 999 మందితో చేసిన ప్రయోగంలో, ప్రవర్తన శిక్షణ ఒక్కటే ఇస్తే ఏడాదికి ఫలితం మసకబారింది, డబ్బు ఒక్కటే ఇస్తే నిలవలేదు. రెండూ కలిపి ఇచ్చినవాళ్లలో పదేళ్ల తర్వాత కూడా నేరాలు దాదాపు సగమే ఉన్నాయి. ఊరందరికీ పెట్టే ఉద్యోగ మేళాతో ఇది జరగదు. మేళాకు వచ్చేది సర్టిఫికెట్లు చేతిలో ఉన్నవాళ్లే.

కర్నూలుకు మా లెక్క ఇది. 18 నుంచి 24 ఏళ్ల మధ్య వంద మంది. రోజుకు ఐదు గంటలు, వారానికి ఐదు రోజులు, 8 వారాలు. రోజుకు 400 చొప్పున 16 లక్షలు. పదిమందికి ఒక పర్యవేక్షకుడు, నెలకు 15,000, మూడు నెలలకు నాలుగున్నర లక్షలు. మొత్తం ఇరవైన్నర లక్షలు. పని కూడా ఊరికి పనికొచ్చేదే ఉండాలి: స్తంభం నంబరుతో సహా వెలగని దీపాల జాబితా, హంద్రీ ఒడ్డు శుభ్రం చేయడం, పార్కుల మరమ్మతు.

ఇది చెడేది రెండుచోట్ల. మొదటిది ఎంపిక. జాబితా కార్పొరేటర్ల సిఫారసుతో తయారైతే కత్తి పట్టే కుర్రాడు ఒక్కడూ అందులో ఉండడు. ఆసుపత్రిలో సోషల్ వర్కరు గాయపడ్డవాడి మంచం దగ్గరే కూర్చుని, అతని అంగీకారంతో పేరు రాసుకోవాలి. పగ తీర్చుకుందామని చుట్టూ చేరినవాళ్లు మాట్లాడుకునేదీ ఆ వార్డులోనే, కాబట్టి మొదటి రెండు మూడు రోజులే ముఖ్యం. రెండోది చెల్లింపు. వేతనం ప్రతి శనివారం ఖాతాలో పడాలి. బిల్లు ఖజానాలో ఆగి నెల దాటితే, బండి ఫైనాన్సు కిస్తీ కోసం వాడు మళ్లీ పాత అన్న దగ్గరికే పోతాడు. అందుకే మొత్తం సొమ్ము ముందే మెప్మా ఖాతాలో వేసి పెట్టాలి.

పని అయ్యాక ప్రైవేటు కంపెనీ పోలీసు వెరిఫికేషన్ అడుగుతుంది. చిన్న కొట్లాట కేసు పెండింగులో ఉంటే అక్కడే ఆగిపోతుంది. రాజీకి వీలైన కేసులను లోక్ అదాలత్‌కు పంపేలా జిల్లా న్యాయసేవాధికార సంస్థను కోరండి.

ఇరవైన్నర లక్షలకు సమయం పడుతుందని తెలుసు. రిజిస్టర్ మార్పుకు కొత్త పద్దు అక్కర్లేదు. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు, ఎస్పీ గారికి, నగరపాలక కమిషనర్‌కు కలిపి మీ సంతకంతో ఒక పేజీ ఉత్తర్వు చాలు. మొదటి సమీక్ష ఏ తేదీనో కూడా ఆ పేజీలోనే రాయమని కోరుతున్నాం.

ఇట్లు,
క్రిమినల్ కేసులు, ఆసుపత్రి సేవలు, యువజన శిక్షణ రంగాల్లో పనిచేస్తున్న కొందరు కర్నూలు వాసులు