పెట్రా దారి చూపినవాళ్లకు హనుమకొండ నుంచి దండాలు

జోర్డాన్‌లో కొండల్ని తొలిచి కట్టిన పాత నగరం పెట్రా చూసి మా తొమ్మిది మందిమి క్షేమంగా ఇల్లు చేరాం. సగానికి పైగా అరవై దాటినవాళ్లమే. ఎవరి కాలూ మడతపడలేదంటే అది సాయం చేసినవాళ్ల చలవే. పేర్లు వద్దన్నారు కాబట్టి రాయడం లేదు. వాళ్లు చెప్పిన మాటలు మాత్రం రాస్తున్నాం, రేపు వెళ్లేవాళ్లకు అక్కరకొస్తాయి.

ముందుగా అమ్మాన్‌లో పనిచేస్తున్న జగిత్యాల అన్నకు. జోర్డాన్ పాస్ (చూడాల్సిన చోట్లకు ప్రవేశ టికెట్) ఇక్కడ ఉన్నప్పుడే ఆన్‌లైన్‌లో కొనమని పట్టుబట్టింది ఆయనే. ముందే కొని, ఆ దేశంలో కనీసం మూడు రాత్రులు ఉంటే 40 దినార్ల వీసా ఫీజు మాఫీ. పెట్రాలో ఒక రోజుకు పాస్ 70 దినార్లు, రెండు రోజులకు 75, మూడు రోజులకు 80. ఐదు దినార్లకు చూసుకుని ఒక్కరోజు పాస్ తీసుకోకండి. గేటు నుంచి పైనున్న 'దెయిర్' అనే కొండలో చెక్కిన కట్టడం దాకా వెళ్లి రావడానికే ఎనిమిది కిలోమీటర్ల పైన నడవాలి.

ములుగులో ఉంటున్న రిటైర్డ్ ఇరిగేషన్ ఇంజనీరు సారుకు మేం ఎంతో రుణపడి ఉన్నాం. "చెక్కడాలు తర్వాత, ముందు నీళ్ల దారి చూడండి" అన్నారు. ఆ మాట లేకపోతే 1.2 కిలోమీటర్ల 'సిక్' ఇరుకు దారిలో తలెత్తి గోడలే చూసుకుంటూ వెళ్లిపోయేవాళ్లం. మనకు ఒక పెద్ద ముసురులో పడే వాన, సుమారు 150 మిల్లీమీటర్లు, అక్కడ ఏడాది మొత్తానికి. అందుకే పెట్రా కట్టిన నబాతియన్లు మూసా ఊట నుంచి నీళ్లు మళ్లించుకున్నారు. సిక్‌లో ఒక గోడ వెంట రాతిలో తొలిచిన కాలువ, ఇంకో గోడ వెంట కాల్చిన మట్టి గొట్టాలు. మధ్యమధ్య చిన్న తొట్లు కనిపిస్తాయి. నీళ్లు అక్కడ నిలిచి, మట్టి అడుగుకు దిగి, తేట నీరు ముందుకు సాగేది. తొట్టిలో పూడిక తీయడం తేలిక, గొట్టంలో తీయలేం. పాకాల, లక్నవరం చెరువుల తూములు చూసిన కళ్లకు ఆ తెలివి వెంటనే పట్టుబడుతుంది.

ఆ నీళ్లే ప్రాణాలూ తీస్తాయి. నెత్తిన ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడితే వరద సిక్‌లోకి దూకుతుంది. 1963లో అలాగే ఇరవై మందికి పైగా యాత్రికులు కొట్టుకుపోయారు. చలికాలంలో వెళితే, దారి మూశామని చెప్పినప్పుడు వాదించకుండా వెనక్కి రమ్మన్న బెదూయిన్ (అక్కడి ఎడారి తెగ) గైడ్‌కు మా సలాం.

మట్టెవాడ శిల్పి అన్న చెప్పిన సంగతి, కొండలో చెక్కిన 'ఖజానా' అనే కట్టడం ముందు నిలబడ్డాక అర్థమైంది. మన దగ్గర రాయి తెచ్చి పేర్చారు. అక్కడ కొండలోంచి అక్కర్లేని రాయి తీసేశారు, అదీ పైనుంచి కిందికి. కింద ఇంకా చెక్కని రాయే నిలబడడానికి అరుగు, రాలే ముక్కలు పూర్తయిన పని మీద పడవు. సుమారు 40 మీటర్ల ఎత్తున్న ఆ ముఖభాగంలో ఒక స్తంభం ఎప్పుడో విరిగిపోయింది, ఇప్పుడున్నది తర్వాత కట్టింది. స్తంభం పోయినా పైభాగం కూలలేదు. అది స్తంభాల మీద ఆనుకుని లేదు, కొండలో భాగం. పైనున్న కలశంలో నిధి ఉందని తుపాకులు పేల్చిన గుర్తులు చూడండి, అది లోపల బోలు లేని గట్టి రాయి. ఇసుకరాయి కాబట్టి చేత్తో రుద్దినా రాలుతుంది, దయచేసి తాకకండి.

మోకాళ్ల డాక్టరమ్మకు ప్రత్యేకంగా దండం. దెయిర్‌కు 800కు పైగా మెట్లు. మధ్యాహ్నం దాటాక ఎక్కమన్నారు. అప్పటికి దారిలో చాలా చోట్ల నీడ పడుతుంది, దెయిర్ ముఖం మీదికి వెలుగు వస్తుంది. దిగేటప్పుడే జారేది, అరిగిన మెట్ల మీద ఇసుక ఉంటుంది కాబట్టి. చెప్పులు పనికిరావు, పట్టున్న బూట్లు కావాలి. తలా రెండు, మూడు లీటర్ల నీళ్లు. గాడిదలు ఎదురైతే లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి.

ఇంజనీరు సారు కాలువలు గుర్తుపెట్టి ఇచ్చిన మ్యాపు మా దగ్గర భద్రంగా ఉంది. వెళ్లేవాళ్లు అడగండి, జిరాక్స్ తీసి ఇస్తాం.