వార్షిక నివేదిక: నక్షత్రనౌకలో హత్య, మన ఈ ఏటి పఠనం

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం తీర్మానించిన ప్రకారం, మన పాఠకుల సంఘం ఈ ఏడాది సమావేశాలన్నింటినీ ఒకే అంశానికి కేటాయించింది. మరో గ్రహానికి వలస వెళ్లే నక్షత్రనౌకలో జరిగే హత్య, దాని దర్యాప్తు ఆ అంశం. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదువుతూ పెరిగిన పెద్దలూ, సైన్స్ ఫిక్షన్ అంటే ప్రాణం పెట్టే యువ సభ్యులూ కలిసి చర్చించడానికి ఇది అనువైన అంశమని కార్యవర్గం భావించింది. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

ప్రధాన పఠనంగా 2017లో వెలువడిన మర్ లాఫర్టీ ఆంగ్ల నవల 'సిక్స్ వేక్స్' తీసుకున్నాము. ప్రయాణికులంతా శీతలనిద్రలో ఉండగా నౌకను నడిపే ఆరుగురు క్లోన్లు (చనిపోయాక పాత జ్ఞాపకాలతో కొత్త శరీరంలో మళ్లీ పుట్టే మనుషులు) కొత్త శరీరాలతో కళ్లు తెరిచేసరికి, తమ పాత శరీరాలు హత్యకు గురై కనిపిస్తాయి. ప్రయాణం మొదలయ్యాక గడిచిన ఇరవై అయిదేళ్ల జ్ఞాపకాలు ఒక్కరికీ మిగలవు. హంతకుడు తమలోనే ఉండవచ్చు, కానీ తానే హంతకుడినన్న సంగతి అతనికే తెలియకపోవచ్చు.

భవిష్యత్తులో జరిగే కథలో రచయిత ఏ యంత్రాన్నయినా సృష్టించి చిక్కుముడి విప్పేయవచ్చు కదా, ఇక పాఠకుడు ఊహించడానికి ఏం మిగులుతుందని పెద్దలు అడిగారు. ఇది తీసిపారేయదగిన అభ్యంతరం కాదు. ఈ నవల దానికి ఇచ్చే జవాబు మెచ్చదగినది: క్లోన్లకు వర్తించే చట్టాలను కథకు ముందే పాఠకుడి చేతిలో పెడుతుంది. ఒక మనిషికి ఒకేసారి రెండు శరీరాలు ఉండరాదన్నది వాటిలో ఒకటి. అందువల్ల కెప్టెన్ పాత శరీరం కోమాలో ఇంకా ఊపిరి పీలుస్తూ దొరికినప్పుడు, ఆ ప్రాణానికి ముంచుకొచ్చిన ముప్పేమిటో ఎవరూ చెప్పకుండానే మనకు అర్థమవుతుంది. ఆ ఘట్టం మీద చర్చ మిగతా అన్నింటికంటే ఎక్కువసేపు సాగింది, సాగవలసినదే.

వైద్యరంగంలో ఉన్న సభ్యులు శవపరీక్ష గురించి వివరించారు. మరణించాక రక్తం శరీరంలో కిందివైపుకు దిగి చర్మం మీద ఊదారంగు మచ్చలు కడుతుంది. శవాన్ని తరువాత కదిల్చారా లేదా అన్నది వాటిని బట్టి అంచనా వేస్తారు. గురుత్వాకర్షణ పనిచేయని గదిలో కిందివైపు అన్నదే ఉండదు గనుక ఆ ఆధారం దొరకదు. గాయం నుంచి వెలువడిన రక్తం కూడా నేల మీద పడకుండా గుండ్రని బిందువులై తేలుతుంది. అటువంటి చోట డిటెక్టివ్ దేనిని నమ్మాలన్నది కథకులు ముందే ఆలోచించుకోవాలి.

న్యాయవాద సభ్యులు చట్టం సంగతి చెప్పారు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం నౌకపైనా అందులోని మనుషులపైనా అధికారం దానిని నమోదు చేసిన దేశానిదే. అయితే నాసా వ్యోమనౌక వాయేజర్-1 లాగా సెకనుకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో వెళితే, 4.24 కాంతి సంవత్సరాల దూరంలోని, సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీని చేరడానికి దాదాపు 75 వేల ఏళ్లు పడుతుంది. అంతకంటే ఎన్నో రెట్లు వేగంగా వెళ్లినా తరాలు గడిచిపోవచ్చు. అన్నేళ్లకు ఆ దేశమే ఉంటుందో లేదో తెలియదు. కాబట్టి విచారించేవారు, సాక్ష్యం చెప్పేవారు, శిక్ష వేసేవారు అందరూ ఆ నౌకలోని వారే కావాలి. దోషిని పంపించివేయడానికి వేరే ఊరు లేదు. ఈ రకం కథలకు అసలైన బరువు ఇక్కడే ఉందని కార్యవర్గం అభిప్రాయం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేయబడింది.

వచ్చే ఏడాది సభ్యులే తెలుగులో ఇటువంటి కథలు రాయాలని ప్రతిపాదిస్తున్నాము. ప్రతి కథకూ ముందు నౌక నియమాలను ఒక పేజీకి మించకుండా రాసి జతచేయాలి; ఆ పేజీలో లేని యంత్రం గాని, చట్టం గాని ముగింపులో కనిపించకూడదు. ఈ నిబంధనపై అభ్యంతరాలు, సవరణలు ఉన్నవారు సర్వసభ్య సమావేశానికి ముందే కార్యదర్శికి లిఖితపూర్వకంగా అందజేయవలసిందిగా కోరుతున్నాము.

ఇట్లు,
కార్యదర్శి