మీరే అడిగిన అభిప్రాయం ఏమైంది?

సత్యనారాయణపురం, విజయవాడ

ఫిర్యాదుల అధికారి గారికి,

విషయం: మీ టికెట్ల యాప్‌లో ఒక రోబో కథ సినిమా మీద ప్రేక్షకుడి అభిప్రాయాన్ని అడిగి తీసుకుని మింగేయడం, ఆపైన 41 రోజులుగా నన్ను తిప్పడం.

అయ్యా / అమ్మా,

ఈ ఉత్తరం చదివేది మనిషో యంత్రమో నాకు తెలియదు. మీ సంస్థతో ఇన్నాళ్ల అనుభవం తరవాత ఆ తేడా చెప్పడం ఎవరికైనా కష్టమే. మనిషే అనుకుని రాస్తున్నాను.

సినిమా బాగా లేదన్నది నా ఫిర్యాదు కాదు. బాగా లేని సినిమాలు నా జీవితంలో చాలా చూశాను, డబ్బు వెనక్కి ఇమ్మని ఏనాడూ అడగలేదు. గాంధీనగర్‌లో బుకింగు కిటికీ రంధ్రంలో నాలుగు చేతుల మధ్య చెయ్యి దూర్చి, వేళ్లు నలిగినా టికెట్టు వదలని తరం మాది. మీ యాప్ వచ్చాక ఆ బాధ తప్పిందని మిమ్మల్ని పదిమందికి చెప్పినవాణ్ణి కూడా నేనే. మా వీధిలో సగం ఫోన్లలో మీ యాప్ ఉందంటే దాంట్లో నా చేతి చలవ ఉంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆటకు మా ఆవిడ, మా బావమరిది, రెండో తరగతి చదివే మనవడు, నేను వెళ్లాం. కథ చెప్పను, చెప్పడానికి ఉంటే కదా. హాలు సంగతి చెబుతాను. ఇనుప మనిషి తెర మీదకు నడిచి రాగానే ముందు వరుసల కుర్రాళ్లు ఈలలు వేసి కాగితాలు చింపి ఎగరేశారు. గంట గడిచేసరికి అవే కాగితాలు ఏరుకుని ఒకరి మీద ఒకరు విసురుకుంటున్నారు. విరామంలో పాప్‌కార్న్ కోసం నిలబడ్డవాళ్లలో సినిమా ఊసెత్తినవాడు లేడు. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్ గురించి మాత్రం చక్కని చర్చ జరిగింది. రెండో సగంలో రోబో కన్నీరు పెట్టుకునే ఘట్టం వచ్చింది. వెనక వరుసలోంచి ఒక పెద్దాయన "తుడుచుకో నాయనా, తుప్పు పడుతుంది" అన్నారు. రెండున్నర గంటల్లో హాలంతా కలిసి నవ్వింది అప్పుడొక్కసారే. చివర్లో రోబో కన్నుమూసి అందరూ దాని చుట్టూ చేరి ఏడుస్తుంటే మా మనవడు, "తాతయ్యా, ఛార్జింగ్ పెడితే లేస్తుంది కదా, ఎందుకు ఏడుస్తున్నారు?" అని అడిగాడు. దర్శకుడికి రాని సందేహం అది.

మేము హాలు దాటి ఏలూరు రోడ్డు ఎక్కకముందే మీ నుంచి సందేశం: "సినిమా ఎలా ఉంది? మీ మాట మాకెంతో ముఖ్యం." నేను పట్టించుకోలేదు. మర్నాడు మళ్లీ అడిగారు. మూడో రోజు మళ్లీ. ఇంతగా అడుగుతుంటే రాయకపోవడం మర్యాద కాదని కూర్చుని పన్నెండు వాక్యాలు రాశాను. ముప్పై నాలుగేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, ఒక్క తప్పుడు మాట రాయను. పైన చెప్పినవే రాశాను. గ్రాఫిక్స్ బాగున్నాయని మా పక్క సీటు ఇంజినీరింగ్ కుర్రాడు మెచ్చుకున్నాడు, అదీ రాశాను. మన ఊళ్లో మారుతి సినిమా హాలు వెలిసిన 1921లోనే ప్రాగ్ నగరంలో కారెల్ చాపెక్ నాటకం రంగస్థలం ఎక్కిందనీ, రోబో అన్న మాట ఆ నాటకంతోనే లోకానికి తెలిసిందనీ, దాని వెనకున్న చెక్ భాషలోని మాటకు వెట్టిచాకిరి అని అర్థమనీ, వెట్టివాడి కడుపుమంట చూపవలసిన కథలో రోబో చేత నాలుగు డాన్సులు వేయించడం అన్యాయమనీ రాశాను. అయిదుకు రెండు నక్షత్రాలు ఇచ్చాను. రెండోది మనవడి మొహం చూసి ఇచ్చింది.

"పరిశీలనలో ఉంది" అన్నారు. అయిదు రోజులు పరిశీలించారు. ఆ తరవాత "మీ అభిప్రాయం మా నియమాలకు అనుగుణంగా లేదు" అన్నారు. ఏ నియమం? చెప్పలేదు. అదే పేజీలో "సూపర్" అన్న ఒక్క మాట, దాని పక్కన ఆరు నిప్పు బొమ్మలు పెట్టిన అభిప్రాయాలు వరసగా కొలువుదీరి ఉన్నాయి. వాటికి అనుగుణమైన నియమం ఏదో నాకూ చెబితే నేనూ నిప్పులే పెట్టేవాణ్ణి.

అడుగుదామని మీ యాప్‌లోని చాట్ సహాయకుణ్ణి ఆశ్రయించాను. అదీ రోబోయే. టికెట్ రద్దా, డబ్బు వాపసా, ఇతరములా అంది. ఇతరములు నొక్కాను. "మీ సమస్య నాకు అర్థమైంది" అని మళ్లీ ఆ మూడే చూపింది. ఏడుసార్లు నొక్కాను, ఏడుసార్లూ అర్థమైంది దానికి. 1942లో ఐజాక్ అసిమోవ్ రాసిన కథ ఒకటుంది. బుధగ్రహం మీద ఒక రోబో, చెప్పిన పని చేయాలన్న ఆజ్ఞకూ తన ప్రాణం కాపాడుకోవాలన్న ఆజ్ఞకూ మధ్య ఇరుక్కుపోయి ఒక మడుగు చుట్టూ గిరగిరా తిరుగుతూ ఉండిపోతుంది. మీ సహాయకుడి అవస్థ అచ్చంగా అదే. కాకపోతే ఆ కథలో తిరిగింది రోబో, ఇక్కడ తిరిగింది నేను.

ఫోను చేశాను. ఇరవై రెండు నిమిషాలు వేణుగానం వినిపించారు. తరవాత ఒక అబ్బాయి పలికాడు. సంగతంతా చెప్పాను. అంతా విని "అయితే మీకు టికెట్లు రాలేదా సార్?" అన్నాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అది వేరే విభాగమని అక్కడికి కలిపాడు. ఆ విభాగంలో ఒకామె, సినిమా గురించిన ఫిర్యాదులు హాలువాళ్లకే చెప్పుకోవాలంది. ఎండలో బస్సెక్కి హాలుకు వెళ్లాను. మేనేజరు గారు కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. "మాస్టారూ, అభిప్రాయాలతో మాకేం సంబంధం? అది యాప్ వాళ్ల వ్యవహారం" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను కూర్చోమన్నది ఆయనొక్కరే, అందుకని ఆయన మీద నాకు కోపం లేదు.

ఇంటికొచ్చి మీకు మెయిలు పెట్టాను. నాలుగుసార్లు పెట్టాను. ఒక రాత్రి రెండు గంటలకు జవాబు: "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది." ఎవరు పరిష్కరించారు? కర్మణి ప్రయోగంలో కర్త చాటున ఉంటాడని పిల్లలకు పాఠం చెప్పాను గానీ, అంత చాటున ఉంటాడని నాకే తెలియదు.

ఆ సందేశం కిందే, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని అడిగారు. ఒకటి ఇచ్చాను. మర్నాడు పొద్దున్న పది నిమిషాల తేడాతో రెండు ఫోన్లు! నలభై రోజుల్లో మీ అంతట మీరు నాకు ఫోను చేసింది అదే మొదలు. ఒకమ్మాయి, "సార్, ఒక్క నక్షత్రం ఎందుకిచ్చారు? నా జీతంలో కోత పడుతుంది" అంది. నా ఫిర్యాదు ఏమిటో తనకు చూపించనే లేదట, ముగించమని మాత్రం చెప్పారట. గొంతు వింటే నా దగ్గర చదువుకున్న పిల్లలాగే ఉంది. అయిదు చేశాను. క్షణంలో "మీ అభిప్రాయం నమోదైంది, ధన్యవాదాలు" అని వచ్చింది. పరిశీలన లేదు, నియమం లేదు.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. ఆ రెండు గడువులూ దాటాయి. జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915కు ఫోను చేసే తీరిక నాకుంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అయిదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. నాది టికెట్ల డబ్బూ, వాటి మీద మీరు ఎందుకు తీసుకుంటారో చెప్పని సౌకర్య రుసుమూ. సౌకర్యం ఏమిటో పైన రాశాను. పదవీ విరమణ చేసినవాడికి వాయిదాలంటే భయం ఉండదని మీ న్యాయవాదులకు చెప్పండి. నా శిష్యుల్లో ఇద్దరు వకీళ్లున్నారు, ఒకడు ఇప్పటికే ఉత్సాహపడుతున్నాడు.

నేను రాసిన పన్నెండు వాక్యాలనూ రాసింది రాసినట్టు పెట్టండి. లేదా ఏ వాక్యం ఏ నియమానికి అడ్డొచ్చిందో ఒక మనిషి చేత తెలుగులో రాయించి పంపండి. వారం చూస్తాను. ఆ తరవాత ఆ వాక్యాలను అట్ట మీద రాయించి, వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆటకు హాలు గేటు ముందు నిలబడతాను. మేనేజరు గారు కుర్చీ వేస్తారన్న నమ్మకం ఉంది.

ఇట్లు,
మీ యాప్‌లో "విశిష్ట సభ్యుడు" అని మీరే పేరు పెట్టిన వినియోగదారుడు

తా.క.: ఆ అమ్మాయికి ఇచ్చిన అయిదు నక్షత్రాలూ అలాగే ఉంచండి. ఈ ఉత్తరం సాకుగా చూపి ఆమె జీతం కోస్తే, అట్ట మీద పదమూడో వాక్యం అదే అవుతుంది.