డెలావన్ కవర్లు ఈ నెల ఎందుకు పంపడం లేదంటే

సర్కస్ స్టాంపుల కోసం ఏళ్లుగా నన్నే నమ్ముకున్న మీకు ఈ నెల డెలావన్ ఫస్ట్ డే కవరు, అంటే స్టాంపు విడుదలైన రోజు తేదీతో తపాలా ముద్ర పడిన కవరు, పంపుతానని మాట ఇచ్చాను. పంపడం లేదు. సరుకు వచ్చింది, నేనే తిప్పి పంపేశాను.

అమెరికా 5 సెంట్ల బఫూన్ స్టాంపు 1966 మే 2న విస్కాన్సిన్‌లోని డెలావన్‌లో విడుదలైంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఎన్నో సర్కస్ కంపెనీలు చలికాలం మకాం వేసిన ఊరది. ఆ ఊరి ముద్ర లేని సర్కస్ సేకరణ నా దృష్టిలో అసంపూర్ణమే.

వచ్చిన కవర్లలో స్టాంపు అసలుదే, ముద్రా అసలుదే. అనుమానమంతా ఎడమవైపు ఏనుగు బొమ్మ మీద. భూతద్దం పెట్టి చూస్తే తొండం చివర ఎర్ర సిరా తపాలా ముద్ర గీతను కప్పేసి ఉంది. బొమ్మ ముందు అచ్చయి, దాని మీద ముద్ర పడాలి. అంటే ఇవి మొదట బొమ్మ లేని మామూలు కవర్లు. రంగులు తర్వాతెప్పుడో అద్దారు. ఆ సంగతి చెప్పి అమ్మితే తప్పు లేదు. సరఫరాదారు చెప్పలేదు. నిలదీస్తే, "అంత దగ్గరగా ఎవరు చూస్తారండీ!" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడటం లేదు. మీరు చూస్తారు. నాకు ఈ విద్య సగం నేర్పింది మీరే.

ఉన్నదున్నట్టు చీటీ రాసి, ధర తగ్గించి ఇచ్చేద్దామా అని చాలా ఊగిసలాడాను. మీలో కొందరు సంతోషంగా తీసుకునేవారే. కానీ కవరు మరొకరి చేతికి వెళ్లేసరికి చీటీ ఉండదు. "ఫలానావారి దగ్గర కొన్నాను" అన్న మాట మాత్రం ఉంటుంది. అందుకే ఒక్కటీ ఉంచుకోలేదు. రవాణా ఖర్చు నా మీదే పడింది, పడనివ్వండి. ఆయన దగ్గర ఇక కొనను.

ఇది విని కొందరు తమ దగ్గరున్న బ్రిటన్ 2002 సర్కస్ కవర్లనూ అనుమానిస్తున్నారు. వాటి సంగతి వేరు. యూరప్ దేశాల తపాలా శాఖలు ఏటా ఒకే ఇతివృత్తంతో తెచ్చే యూరోపా స్టాంపులకు ఆ ఏడాది ఇతివృత్తం సర్కస్. బ్రిటన్‌వి ఏప్రిల్ 9న రావాల్సింది. ఆ రోజు రాజమాత అంత్యక్రియలు కావడంతో విడుదల 10కి మారింది. కవర్ల ముద్రలో మాత్రం ముందు అనుకున్న 9వ తేదీయే ఉండిపోయింది. నిశ్చింతగా దాచుకోండి.

డెలావన్ కవరుకు డబ్బు కట్టినవారికి మొత్తం వాపసు ఇస్తాను. ఇష్టమైతే బదులుగా అమెరికా 1993 నాటి నాలుగు సర్కస్ స్టాంపుల కవరు తీసుకోవచ్చు. ఇకపై ఏ పాత కవరైనా, బొమ్మా ముద్రా కలిసే చోటును పెద్దదిగా తీసిన ఫొటో మీకు పంపాకే డబ్బు తీసుకుంటాను.