అద్దం అబద్ధం చెప్పదనే కదా ఆమె అడిగింది!

ఎడిటర్ గారికి,

మొన్న ఆదివారం అనుబంధంలో స్నోవైట్ కథలోని రాణి మనస్తత్వం మీద వ్యాసం వేశారు. చదివించింది, కాదనను. కానీ చివరికొచ్చేసరికి రాణికి ‘నార్సిసిస్ట్’ అని ముద్ర వేసి చేతులు దులుపుకున్నారు. తన అందం చూసుకుని తనే మురిసిపోయే మనిషట. అంత మురిసిపోయే మనిషైతే ‘అందరిలోకీ అందగత్తె ఎవరు’ అని మాటిమాటికీ మాయా అద్దాన్ని అడగడం దేనికండీ?

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ లెక్కలో ఆ రుగ్మతకు 9 లక్షణాలున్నాయి, కనీసం 5 కనిపించాలి. పొగిడించుకోవాలన్న తపన, అసూయ, ఎదుటివాళ్ల బాధ పట్టకపోవడం అన్నీ ఆ తొమ్మిదిలోవే కాబట్టి రాణిని అందులో కూర్చోబెట్టడం పెద్ద పనేం కాదు. అయితే ఈ కథను అచ్చువేసిన గ్రిమ్ సోదరుల కూర్పులో ఒక మాట ఉంది, మీ వ్యాసకర్త దాన్ని దాటేశారు. అద్దం నిజమే చెబుతుందని తెలుసు కాబట్టే రాణికి మనసు కుదుటపడేదట. పొగడ్తలే కావాలంటే కోటలో దాసీలకు కొదవా? ‘మీ ముందు రంభ ఎంతమ్మా’ అనేవాళ్లు వందమంది దొరుకుతారు. వాళ్లందరినీ పక్కనపెట్టి, ముఖం మీదే నిజం చెప్పేదాన్ని గోడకు తగిలించుకుందంటే ఆమెకు కావలసింది ర్యాంకు.

ర్యాంకు గురించి నెల్లూరు వాళ్లకు ఒకరు చెప్పాలా! నేను ఇక్కడే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. వీకెండ్ టెస్టు ర్యాంకులు పెట్టగానే నోటీసు బోర్డు దగ్గరికి ముందు పరిగెత్తేది ఫస్టు వచ్చే అమ్మాయే. తన మార్కుల వంక కూడా చూడదు, తన కింద ఎవరి పేరుంది, ఎన్ని మార్కుల తేడా అని వేలు పెట్టి చూసుకుంటుంది, ఒక్క మార్కే తేడా ఉంటే ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేస్తుంది. హాస్టల్లో మిగతా పిల్లలేమో ‘దానికి పొగరు’ అంటారు. టెన్షన్‌తో చచ్చిపోతోందని ఒక్కరికీ తట్టదు.

రాణి పోటీ పడింది స్నోవైట్ అనే ఏడేళ్ల పిల్లతో, అది మరవకండి. అడవిలో చంపమని వేటగాణ్ణి పంపి, ఊపిరితిత్తులు, కాలేయం తెప్పించుకుని ఉప్పేసి వండించుకు తింది (వేటగాడు తెచ్చింది అడవి పంది పిల్లవి, అది వేరే సంగతి). పిల్ల బతికే ఉందని తెలిశాక మాత్రం ఇంకెవరినీ నమ్మలేదు, తనే బయల్దేరింది. మొదట నడుముకు కట్టే తాడు, తర్వాత విషం పూసిన దువ్వెన, ఆఖరికి యాపిల్. 1937లో వచ్చిన డిస్నీ సినిమాలో యాపిల్ ఒక్కటే ఉంటుంది కాబట్టి చాలామందికి ముందు రెండూ తెలియవు. ఆ యాపిల్‌ను కోసి, తెల్లటి సగం పిల్ల కళ్ల ముందే తను తిని, విషమున్న ఎర్ర సగం అందిస్తుంది. చెయ్యి కూడా వణకలేదు!

ఇంకొకటి చూడండి. ఇంత చేసింది ఎలా వెళ్లి? ముఖానికి రంగు పూసుకుని, ముసలి వేషం వేసుకుని. తన అందం అంటే ప్రాణం పెట్టే మనిషి ఆ వేషానికి ఒప్పుకుంటుందా? ఫస్టు ప్లేసు ఉంటే చాలు, అందం పోయినా ఫర్వాలేదనుకుంది. చివరికి కొత్త రాణి పెళ్లికి కూడా వెళ్లకూడదనే అనుకుంటుంది, కానీ ఆ పిల్లను చూడకుండా నిలవలేకపోతుంది. వెళ్తుంది, కాలిన ఇనుప చెప్పులు తొడిగించుకుని ప్రాణం పోయేదాకా ఆడుతుంది.

సవతి తల్లి కదా, అంతేలే అని మీ వ్యాసకర్త ఓ మాట విసిరారు. 1812లో అచ్చయిన మొదటి కూర్పులో ఆమె కన్నతల్లే! 1819 కూర్పులో సవతి తల్లిగా మార్చారు. మరి తండ్రి, ఆ రాజుగారు? రెండో పెళ్లి చేసుకున్నాక కథలో మళ్లీ కనిపించడు. ఆయన మనస్తత్వం మీద వ్యాసం ఎవరూ రాయరు, అదేంటో.

వచ్చే వారం మన మాయల ఫకీరు గురించి అని చివర్లో వేశారు, సంతోషం. ఆయనకూ ఏదో ఒక జబ్బు పేరు తగిలించే ముందు బాలనాగమ్మ కథ మొత్తం ఒకసారి వినమనండి. ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల చిలకలో దాచుకున్నంత జాగ్రత్తపరుడు, తను ఎత్తుకొచ్చిన మనిషి నాలుగు తీపి మాటలు చెప్పగానే ఆ గుట్టు ఎందుకు కక్కేశాడో, అదొక్కటి తేల్చి రాయమనండి.

– ఒక పాఠకుడు, నెల్లూరు