తూలినోడల్లా తాగినోడు కాదు

సంపాదకునికి,

మా పాలమూరు దిక్కు రోడ్డు మీద మనిషి తూలితే చూసినవాళ్లు మొదట అనేది ‘కల్లు ఎక్కువైంది’ అనే. చాలాసార్లు నిజమే కావచ్చు. పోయిన నెల కల్వకుర్తి బస్టాండులో మాత్రం కాదు. ఒకాయన బెంచీ మీద ఒరిగిపోయాడు. మాట ముద్దగా వస్తోంది, చొక్కా చెమటతో తడిసి ముద్దయింది, తాగిన వాసన మాత్రం లేదు. జేబులో షుగరు తగ్గించే గ్లిమెపిరైడ్ మాత్రల షీటు కనబడ్డాక గానీ షుగరు పడిపోయిందన్న సంగతి అర్థం కాలేదు. టీకొట్టు ఆమె చక్కెర నీళ్లు కలుపుతుంటే ‘షుగరున్నోనికి చక్కెర తాపుతవా?’ అని ఒక పెద్దమనిషి గద్దించాడు. ఆమె వినలేదు, నయమైంది.

రక్తంలో చక్కెర 70 కన్నా తగ్గితే చెమట, వణుకు, గుండెదడ మొదలవుతాయి. ఇంకా పడిపోతే తికమక, ఊరికే కోపం, ఆపైన స్పృహ తప్పడం. మాత్ర వేసుకుని తినకుండా పత్తి ఏరబోయినవాళ్లకు, ఒక్కపొద్దున్న ముసలివాళ్లకు ఇది మామూలు ప్రమాదం. ఉత్త కడుపుతో తాగినా షుగరు పడిపోవచ్చు. అంటే నిజంగా తాగినోడిని కూడా ‘పడుకోనీ’ అని వదిలేయడానికి లేదు.

మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటకు తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి, తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో చుక్క పోయొద్దు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిపోయిన షుగరు గంటల తర్వాత మళ్లీ పడిపోవచ్చు, కాబట్టి లేచి కూర్చున్నా దవాఖానకు తీసుకుపోవాల్సిందే. మీటరు లేక ఎక్కువో తక్కువో తెలియకపోతే చక్కెర ఇవ్వడమే మేలు. ఎక్కువున్నవాడికి ఆ మూడు చెంచాలతో కొంప మునగదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే అది వేరే సంగతి, షుగరు బాగా పెరిగిందేమో చూడాలి. తినడం లేదు కదా అని ఇన్సులిన్ సొంతంగా ఆపేయకుండా వెంటనే దవాఖానకు పోవాలి.

2016లో మహబూబ్‌నగర్‌కు, 2019లో నల్లగొండకు, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలకు ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. సంతోషమే. కానీ అమ్రాబాద్ అడవి పల్లెలో మనిషి పడిపోతే మొదటి పావుగంట ఇంటివాళ్ల చేతుల్లోనే ఉంటుంది. షుగరు మాత్రలు ఇచ్చే ఆశా కార్యకర్తలు, మందుల షాపులవాళ్లు ఈ నాలుగు మాటలు కూడా చెప్పాలి. ఆర్టీసీ కండక్టర్లకు, ఉపాధి హామీ మేట్లకు ఒక పూట శిక్షణ ఇవ్వాలి. వైద్యారోగ్య శాఖ పత్తి ఏరే రోజులు మొదలయ్యేలోపే ఈ పని చేస్తే మంచిది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కల్వకుర్తి