కొండ దిగాక రెండు రోజులు ఉండండి

బుజ్జి తల్లికి,

అమ్మ ఆశీస్సులు. వచ్చే నెల నీ స్నేహితురాళ్లు ముగ్గుర్ని తీసుకుని వస్తున్నానని నువ్వు చెప్పినప్పటి నుంచీ మీ నాయన కాలు ఒకచోట నిలవడం లేదు. కానీ శనివారం దిగి, కొండెక్కి దర్శనం చేసుకుని, ఆదివారం రాత్రి బండికే మళ్లీ పుణే అన్నావు చూడు, అది నాకు మనసొప్పలేదు. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అనేస్తావు. అందుకే కూర్చుని రాస్తున్నా.

దేశమంతా తిరుపతి వెళ్లొచ్చామని చెప్పుకుంటుంది. వాళ్లు చూసేది తిరుమల. కింద ఊరొకటి ఉందని, ఆ ఊళ్లో మనుషులున్నారని చాలామందికి తెలియకుండానే బస్సెక్కేస్తారు. నీ స్నేహితురాళ్లు అలా వెళ్లిపోకూడదు. ఇంకో రెండు రోజులు సెలవు పెట్టండి.

ముందు గోవిందరాజస్వామి గుడికి రండి. 1130లో రామానుజాచార్యులవారు ప్రతిష్ఠించారని చెబుతారు. తమ్ముడు వెంకన్న పెళ్లి అప్పు తీర్చడానికి డబ్బు కొలిచి కొలిచి అలిసిపోయి, కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నాడట స్వామి. మా అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు నిజంగానే గొంతు తగ్గించేది, ఆయన నిద్ర చెడుతుందన్నట్టు. బయటి ఏడంతస్తుల గోపురం మట్లి అనంతరాజు కట్టించింది. దాని కింద నిలబడి తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేది నీకు, గుర్తుందా?

ఆ గుడి దగ్గరే మీ తాత ఇత్తడి కొట్టు ఉండేది. నీకు ఊహ తెలిసేటప్పటికి మూసేశాం. కొట్టు తలుపు లోపలి వైపు మీ తాత సుద్దముక్కతో నాలుగు వరసల్లో అంకెలు రాసుకునేవాడు. ఒకటి, ఒణ్ణు, ఒందు, ఏక్. తమిళం ఎలాగూ మనకు సగం ఇంటి భాషే. మిగతావి కొనడానికి వచ్చిన వాళ్లనే అడిగి నేర్చుకున్నాడు. ఒక మరాఠీ ముసలామె దీపపు కుందె బేరం చేస్తూ "సాడేబారా" అంటే ఈయనకు అర్థం కాలేదట. ఆమె పన్నెండు రూపాయలు చేతిలో పెట్టి, పక్కన అర్ధ రూపాయి బిళ్ల ఉంచి చూపించింది. ఆ రాత్రే తలుపు మీద ఆ మాట కూడా ఎక్కింది. బడికి పోని మనిషి, నాలుగు భాషల్లో లెక్క చెప్పేవాడు. ఈ ఊరు నేర్పిన చదువది. ఆ తలుపు దాచుకోకపోయామే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది నాకు.

నీ ఉత్తరాది స్నేహితురాలికి హథీరాంజీ మఠం చూపించు. అక్కడెక్కడి నుంచో వచ్చిన బావాజీ వేంకటేశ్వరుడితో పాచికలాడాడని కథ కదా. 1843 నుంచి దాదాపు తొంభై ఏళ్లు, దేవస్థానం కమిటీ వచ్చేదాకా, కొండ మీద గుడి పెత్తనం ఆ మఠం మహంతులదే. "మీ వాళ్లే మా గుడి చూసుకున్నారమ్మా" అని నేనే చెబుతాను ఆ పిల్లకు.

చంద్రగిరికి కూడా పోదాం. అంత దగ్గర్లో ఉన్న కోటకు నిన్ను నేను ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. ఎప్పుడూ ఏదో పని అడ్డొచ్చేది. విజయనగరం రాయలు చివరికొచ్చి తలదాచుకున్న కోట అది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి చెన్నపట్నంలో కోట కట్టుకోవడానికి దొరికిన నేల ఈ చంద్రగిరి రాయల ఏలుబడిలోదే. రాజమహల్ మూడంతస్తులూ కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. మిట్టమధ్యాహ్నం లోపలికి అడుగు పెడితే చల్లగా ఉంటుంది.

కపిలతీర్థం మాత్రం ఈసారి వద్దు. మే నెలలో నీళ్లుండవు. అది కార్తీకంలో చూడాలి, వానలకు కొండ మీంచి ధార దూకుతుంటే.

ఇక అసలు సంగతి. మీరు వచ్చే వారంలోనే గంగ జాతర. తాతయ్యగుంట గంగమ్మ మన వెంకన్నకు చెల్లెలు, కొండ మీంచి ఆమెకు సారె వస్తుంది. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాడిని చంపడానికి అవిలాలలో పుట్టిందని, వాడు భయపడి దాక్కుంటే రోజుకో వేషంలో వెతికిందని చెబుతారు. అందుకే ఊరంతా వేషాలు కడుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి. కైకాల వంశం వాళ్లు అమ్మవారి వేషం కట్టి వీధుల్లోకి వస్తే ఇంటింటి ఆడవాళ్లూ బయటికొచ్చి హారతిస్తారు.

నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ నాయన మొక్కుకున్నాడు. ఆ మరుసటేడు నా పెళ్లి చీర కట్టుకుని, సవరం జడేసుకుని, మల్లెపూలు పెట్టుకుని గుడికి నడిచాడు. కుచ్చిళ్లు నేనే పెట్టాను. నిన్ను చంకనేసుకుని నేను పక్కన నడిచాను. మొగవాళ్లు ఆడవాళ్ల బట్టలు కట్టుకుని ఒక దేవత ముందు తలవంచే వీధి ఎంత అందంగా ఉంటుందో నీ స్నేహితురాళ్లు కళ్లారా చూడాలని నా కోరిక.

తిండి గురించి బెంగ పెట్టుకోవద్దని చెప్పు. రాగి సంగటి, ఊరిబిండి చేస్తాను. కారం తినలేని వాళ్లుంటే ముందే చెప్పు.

టికెట్ మార్చగానే ఫోన్ చెయ్యి. మీ నాయన ఈ ఏడు మళ్లీ వేషం కడతానంటున్నాడు. నా పెళ్లి చీర జరీ పోయి చిరుగుతోంది, ఈసారి నీ చీరల్లో ఒకటి తీసుకురా. ఆయనకు ఆకుపచ్చ బాగుంటుంది.

మీ అమ్మ
తిరుపతి